జన్యు సలహా విద్యార్థులకు పర్యవేక్షకులు కావాలంటే... ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి?

తలసీమియాతో బాధపడుతున్న రెండేళ్ల బిడ్డ తల్లిదండ్రులు జన్యు సలహా కేంద్రానికి వచ్చిన సందర్భాన్ని ఊహించవచ్చు. మరో బిడ్డను కనాలన్నది వారి కోరిక. వారికి వ్యాధి సంక్రమణ తీరును వివరిస్తున్నది శిక్షణలో ఉన్న విద్యార్థిని. ‘‘మీరిద్దరూ వాహకులు కనుక నలుగురిలో ఒకరికి ఈ వ్యాధి వచ్చే అవకాశం ఉంటుందండీ’’ అని ఆమె చెప్పింది. ఆ మాటలో శాస్త్రీయంగా దోషమేమీ లేదు. కానీ తల్లి ముఖంలో ఒక్కసారిగా ఊరట కనిపించింది. ‘‘ఒకరికి వచ్చేసింది కదా, అయితే ఇక ముగ్గురికి భయం లేదన్నమాట’’ అంటూ ఆమె భర్త వైపు తిరిగింది. విద్యార్థిని తన కాగితంలోని తరువాతి అంశానికి వెళ్లిపోయింది.

ఆ గదిలో కాస్త పక్కగా కూర్చున్న మరొక వ్యక్తి ఉంటారు. ఆ విద్యార్థినికి నేర్పే బాధ్యత, ఆ దంపతులకు సరైన సమాచారం అందేలా చూసే బాధ్యత రెండూ ఆ వ్యక్తివే. వెంటనే కల్పించుకుంటే విద్యార్థిని ఆత్మవిశ్వాసం దెబ్బతినవచ్చు. దంపతులకు ఆమెపై నమ్మకం సడలవచ్చు. ఊరుకుంటే ఒక కుటుంబం తప్పుడు భరోసాతో ఇంటికి వెళ్లి, జీవితాన్ని మార్చివేసే నిర్ణయం తీసుకోవచ్చు. జన్యు సలహా విద్యార్థులకు క్లినికల్ సూపర్‌వైజర్, అంటే వైద్యశాలలో పర్యవేక్షకులుగా మారడమంటే ఇటువంటి క్షణాలకు సిద్ధం కావడమే. జన్యు పరీక్షలు విస్తృతమవుతున్న కాలంలో, ఆ పరీక్షల అర్థాన్ని కుటుంబాలకు చెప్పగలవారు ఎందరు తయారవుతారన్నది ఇటువంటి పర్యవేక్షకులు ఎందరున్నారన్న దానిపై ఆధారపడి ఉంది.

వృత్తి నేపథ్యం

జెనెటిక్ కౌన్సెలింగ్ అన్న పేరును 1947లో అమెరికా జన్యు శాస్త్రవేత్త షెల్డన్ రీడ్ వాడుకలోకి తెచ్చారు. వంశపారంపర్య వ్యాధుల గురించి కుటుంబాలతో మాట్లాడటాన్ని ఆయన ఒక విధమైన సామాజిక సేవగా భావించారు. ఈ పని కోసం ప్రత్యేకంగా నిపుణులను తయారుచేసే తొలి మాస్టర్స్ కోర్సు 1969లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారా లారెన్స్ కళాశాలలో ప్రారంభమైంది. 1971లో తొలి పట్టభద్రులు బయటకు వచ్చారు. 1979లో అమెరికా జన్యు సలహాదారులు జాతీయ స్థాయిలో తమ సొసైటీని ఏర్పాటు చేసుకున్నారు.

ఆ తొలి రోజుల నుంచీ ఈ విద్యకు రెండు పాదాలు ఉన్నాయి. ఒకటి తరగతి గది, రెండవది వైద్యశాల. సంక్రమణ సూత్రాలు, పరీక్షల పరిమితులు, సంభావ్యత లెక్కలు తరగతిలో నేర్చుకోవచ్చు. ఏడుస్తున్న తల్లి ఎదుట ఎంతసేపు మౌనంగా ఉండాలి, ఇంటి పెద్ద ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు కోడలి అభిప్రాయాన్ని ఎలా అడగాలి అన్నవి పుస్తకంలో దొరకవు. అందుకే అమెరికా, కెనడాలలోని కోర్సులకు గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ కౌన్సిల్ ఫర్ జెనెటిక్ కౌన్సెలింగ్, ప్రతి విద్యార్థీ చదువు పూర్తయ్యేలోగా కనీసం 50 కేసులలో స్వయంగా పాల్గొనాలని నిర్దేశించింది. కేవలం పక్కన కూర్చుని చూడటం ఈ లెక్కలోకి రాదు. విద్యార్థి ఆ సంభాషణలో కొంత భాగాన్నయినా తానే నిర్వహించాలి.

ఈ నిబంధనే పర్యవేక్షకుల ప్రాధాన్యాన్ని తెలియజేస్తుంది. ఒక కోర్సులో ఎన్ని సీట్లు ఉండాలన్నది తరగతి గది వైశాల్యాన్ని బట్టి కాక, విద్యార్థులను తమ వద్ద కూర్చోబెట్టుకునే అనుభవజ్ఞులు ఎందరు ముందుకు వస్తారన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

మంచి సలహాదారు అయితే చాలదు

పర్యవేక్షకులు కావడానికి మొదటి అర్హత ఆ వృత్తిలో ధ్రువీకరణ, స్వతంత్రంగా పనిచేసిన అనుభవం. అయితే రోగులతో చక్కగా మాట్లాడగలిగిన ప్రతి ఒక్కరూ చక్కగా నేర్పగలరని చెప్పలేం. ఏళ్ల తరబడి చేసిన పని అలవాటుగా మారిపోతుంది. ఎందుకు ఆ ప్రశ్న అడిగారో, ఎందుకు అక్కడ ఆగారో అనుభవజ్ఞులు తామే చెప్పలేని పరిస్థితి ఉంటుంది. పర్యవేక్షకులు కాబోయేవారు ముందుగా చేయాల్సింది తమ పనిని తామే గమనించుకుని, దానిని మాటల్లో పెట్టగలగడం.

పర్యవేక్షణ అన్నది విడిగా నేర్చుకోవలసిన నైపుణ్యమన్న గుర్తింపు ఈ వృత్తిలో క్రమంగా బలపడింది. జన్యు సలహా పర్యవేక్షకులకు ఉండవలసిన సామర్థ్యాలను 2013లో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనంలో ఆరు విభాగాలుగా గుర్తించారు. వ్యక్తిగత లక్షణాలు, విద్యార్థితో సంబంధాన్ని నిర్మించి నిలుపుకోవడం, విద్యార్థిని మదింపు చేయడం, విద్యార్థి అవసరాలకు తగిన పర్యవేక్షణ, రోగికి అందే సేవపై నిఘా, నైతిక చట్టపరమైన అంశాలు అందులో ఉన్నాయి. జన్యుశాస్త్ర పరిజ్ఞానం ఇందులో విడి విభాగంగా లేకపోవడం గమనార్హం. అది ఎలాగూ ఉండి తీరాలన్నది దాని వెనుక భావన.

మనస్తత్వ రంగంలో జానైన్ బెర్నార్డ్ 1979లో ప్రతిపాదించిన నమూనా కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. దాని ప్రకారం పర్యవేక్షకులు సందర్భాన్ని బట్టి మూడు పాత్రలు పోషిస్తారు. తెలియని విషయం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు. విద్యార్థి తన స్పందనను తానే పరిశీలించుకునేలా చేసేటప్పుడు సలహాదారు. విద్యార్థి స్వయంగా నిర్ణయం తీసుకునే స్థాయికి వచ్చాక, కలిసి ఆలోచించే సహచరులు. మొదటి వారంలో విద్యార్థికి ఉపాధ్యాయుల అవసరం ఎక్కువ. చివరి వారంలోనూ అదే పాత్రలో ఉండిపోతే విద్యార్థి ఎదగరు.

మూడు పాత్రలకూ ఒక హద్దు ఉంది. రొమ్ము క్యాన్సర్‌తో తల్లిని కోల్పోయిన విద్యార్థిని, అదే వ్యాధి కుటుంబంలో ఉన్న రోగి ఎదుట తడబడవచ్చు. ఆ తడబాటు రోగికి అందే సేవను ఎలా ప్రభావితం చేసిందో చర్చించడం పర్యవేక్షకుల పని. ఆ దుఃఖానికి చికిత్స చేయడం వారి పని కాదు. అవసరమైతే వేరే నిపుణుల వద్దకు పంపాలి.

మెట్టు తరువాత మెట్టు

శిక్షణ సాధారణంగా పరిశీలనతో మొదలవుతుంది. తరువాత సంభాషణలోని ఒక భాగాన్ని విద్యార్థికి అప్పగిస్తారు. చాలా చోట్ల అది వంశవృక్షాన్ని గీయడం. చతురస్రం పురుషునికి, వృత్తం స్త్రీకి, నింపిన గుర్తు వ్యాధిగ్రస్తులకు, జంట గీత రక్తసంబంధీకుల వివాహానికి సంకేతాలు. ఆపై సంక్రమణను వివరించడం, పరీక్షల ఎంపికలను చెప్పడం, ఫలితాలను వెల్లడించడం, చివరకు మొత్తం సంభాషణను నడపడం. ఏ విద్యార్థి ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకుని, తరువాతి మెట్టును మాత్రమే చూపడం పర్యవేక్షకుల నేర్పు.

మొదటి రోజే ఇరువురూ కూర్చుని ఒక ఒప్పందానికి రావడం మంచి పద్ధతి. విద్యార్థి ఏమి నేర్చుకోదలచారు, ఎప్పుడెప్పుడు సమీక్ష జరుగుతుంది, సంభాషణ మధ్యలో పర్యవేక్షకులు ఏ పరిస్థితిలో కల్పించుకుంటారు, విద్యార్థికి సహాయం కావాలంటే ఏమని సంకేతమివ్వాలి అన్నవి ముందే మాట్లాడుకోవాలి. గదిలో శిక్షణార్థి ఉన్నారన్న సంగతిని రోగికి ముందే చెప్పి సమ్మతి తీసుకోవడం తప్పనిసరి. రోగి వద్దంటే ఆ నిర్ణయాన్ని ప్రశ్నించకుండా గౌరవించాలి.

తలసీమియా దంపతుల ఉదాహరణకు తిరిగి వస్తే, అక్కడ పర్యవేక్షకులకు ఉన్నవి రెండు దారులు మాత్రమే కావు. మొదట కొద్ది క్షణాలు ఆగవచ్చు. విద్యార్థిని తానే గమనించి సరిదిద్దుకునే అవకాశం ఉంది. గమనించకపోతే, ‘‘అమ్మ ఇప్పుడు అన్న మాటను ఒకసారి మళ్లీ చూద్దామా?’’ అని ఆమెకే అవకాశమివ్వవచ్చు. అప్పటికీ దారి దొరక్కపోతే, వివరణను తామే అందుకోవాలి. నాలుగు చీటీలు డబ్బాలో వేసి, ఒకటి తీసి చూసి, మళ్లీ అందులోనే వేసి కలిపి తీస్తే, రెండవసారి కూడా అదే చీటీ రావచ్చు. ప్రతి కాన్పుకూ లెక్క మొదటి నుంచే అని చెప్పాలి. ఆ దంపతులు గది దాటే లోపు వారి మాటల్లోనే ఆ విషయాన్ని తిరిగి చెప్పించుకోవాలి. విద్యార్థిని నొచ్చుకుంటుందన్న సంకోచం ఇక్కడ పనికిరాదు. నేర్చుకోవడానికి ఆమెకు మరో రోజు ఉంటుంది. ఆ దంపతులు మరోసారి రాకపోవచ్చు.

ఈ క్రమమే పర్యవేక్షణలోని మూలసూత్రాన్ని చెబుతుంది. శైలి విషయంలో ఓర్పు వహించాలి. విద్యార్థి మాటతీరు తమలాగా లేదని కల్పించుకోరాదు. సమాచారం తప్పుగా వెళ్తున్నా, రోగికి మనోవేదన కలుగుతున్నా, చట్టం ఉల్లంఘనకు గురవుతున్నా క్షణం ఆలస్యం చేయరాదు. విద్యార్థి చెప్పిన ప్రతి మాటకూ చివరి బాధ్యత పర్యవేక్షకులదే.

‘బాగా చేశావు’ సరిపోదు

రోగి వెళ్లిన తరువాత జరిగే పది నిమిషాల సమీక్ష అసలైన పాఠం. ‘‘బాగా చేశావు’’ అన్న మాట సంతోషాన్నిస్తుంది కానీ ఏది బాగుందో చెప్పదు. ‘‘ఇంకా ఆత్మవిశ్వాసం కావాలి’’ అన్న మాట భయాన్ని పెంచుతుంది కానీ ఏమి చేయాలో చెప్పదు. ‘‘నలుగురిలో ఒకరు అన్న తరువాత ఆ తల్లి ముఖం మారింది, గమనించావా? అప్పుడు ఆమె ఏమి అర్థం చేసుకుని ఉంటుంది?’’ అన్న ప్రశ్న విద్యార్థి దృష్టిని కాగితం నుంచి మనిషి వైపు తిప్పుతుంది. ప్రవర్తనను ప్రస్తావించే, ఆలస్యం కాని, ఒకటి రెండు అంశాలకు పరిమితమైన సమీక్ష ఎక్కువ ఫలితమిస్తుంది. మొదట విద్యార్థి తన పనిని తానే అంచనా వేసుకునేలా అడగడం మరింత మేలు.

కఠినమైన నిర్ణయాలు కూడా తప్పవు. ఎంత సహాయం చేసినా రోగుల భద్రతకు తగిన స్థాయికి చేరని విద్యార్థి ఒకరిద్దరు ఉండవచ్చు. ఆ సంగతిని చివరి రోజు మదింపు పత్రంలో రాయడం అన్యాయం. లోపాన్ని గుర్తించిన రోజే చెప్పి, లిఖితపూర్వకంగా నమోదు చేసి, సరిదిద్దుకునే వ్యవధి ఇచ్చి, విద్యాసంస్థకు తెలియజేయాలి. మొహమాటంతో ఉత్తీర్ణత ఇస్తే దాని భారాన్ని మోసేది రాబోయే రోగులు.

మేనరికం, వరుసలు, వంశవృక్షం

భారతీయ వైద్యశాలల్లో, ముఖ్యంగా దక్షిణాదిలో, పర్యవేక్షకులు పాశ్చాత్య పాఠ్యపుస్తకాలలో లేని పాఠాలు కూడా చెప్పాలి. తెలుగు కుటుంబాలలో పెదనాన్న కొడుకునూ, పిన్ని కొడుకునూ ‘అన్నయ్య’ అనే పిలుస్తారు. ‘‘మా అన్నయ్యకు కూడా ఇదే జబ్బు’’ అని రోగి చెప్పగానే విద్యార్థి సొంత సోదరునిగా గీస్తే వంశవృక్షమే తప్పవుతుంది. దాని ఆధారంగా వేసిన ముప్పు అంచనా కూడా తప్పవుతుంది. ‘మామయ్య’ అంటే తల్లి సోదరుడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, భర్త తండ్రి కావచ్చు. మేనరికం జరిగిన ఇంట్లో ఈ వరుసల్లో రెండు ఒకే వ్యక్తిలో కలిసి ఉండవచ్చు. ‘‘ఒకే తల్లి బిడ్డలేనా?’’ అన్న చిన్న ప్రశ్నను అలవాటు చేయించడం పర్యవేక్షకుల బాధ్యత.

మేనరికం ప్రస్తావన వచ్చినప్పుడు మాటతీరు మరింత కీలకం. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ల మధ్య అది నాలుగో వంతు. సాధారణ జనాభాలో ప్రతి గర్భానికీ తీవ్రమైన పుట్టుక లోపాల ముప్పు సుమారు 2 నుంచి 3 శాతం ఉంటే, మేనత్త మేనమామ బిడ్డల వివాహాలలో దానికి అదనంగా 1.7 నుంచి 2.8 శాతం ముప్పు ఉంటుందని అమెరికా జన్యు సలహాదారుల సొసైటీ 2002లో వెలువరించిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఈ అంకెలను ‘‘మేనరికం చేసుకున్నారు కాబట్టే ఇలా జరిగింది’’ అన్న నిందగా మార్చే విద్యార్థి ఒక కుటుంబంలో చిచ్చుపెట్టగలరు. పెళ్లి అయిపోయిన దంపతులకు ఉపయోగపడేది ముందున్న మార్గమే. తల్లి వైపు నుంచే వ్యాధి వచ్చిందన్న అపోహ బలంగా ఉన్నచోట, అంతర్గత జన్యు వ్యాధులలో తల్లిదండ్రులిద్దరూ సమానంగా వాహకులేనని స్పష్టంగా చెప్పేలా విద్యార్థిని తీర్చిదిద్దాలి.

ఒక్క క్రియాపదం కూడా ప్రమాదమే

చట్టం విషయంలో భారతదేశంలో పర్యవేక్షకుల బాధ్యత ఇంకా ఎక్కువ. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం, జన్యు సలహా కేంద్రాలకు కూడా వర్తిస్తుంది. అవి నమోదు కావాలి, రికార్డులు నిర్వహించాలి. శిశువు లింగాన్ని మాటతో గానీ, సైగతో గానీ, మరే రూపంలో గానీ వెల్లడించరాదు. అదే సమయంలో హీమోఫీలియా, డుషేన్ కండరాల క్షీణత వంటి లింగ సంబంధ జన్యు వ్యాధుల నిర్ధారణకు చట్టం అనుమతిస్తుంది. వ్యాధి ఉందో లేదో చెప్పాలి, లింగం మాత్రం తెలియనీయరాదు.

తెలుగులో ఇది మరింత సున్నితం. ‘‘బిడ్డ పుడుతుంది’’ అన్నచోట పొరపాటున ‘‘పుడతాడు’’ అని నోరు జారినా లింగం తెలిసిపోయే ప్రమాదం ఉంది. ‘బాబు’, ‘పాప’ అన్న పదాలు విడిచి, ‘బిడ్డ’, ‘శిశువు’ అన్న పదాలకే కట్టుబడటాన్ని విద్యార్థులకు ముందుగానే నటనాభ్యాసం ద్వారా నేర్పవచ్చు. ఒకరు రోగిగా, మరొకరు సలహాదారుగా కూర్చుని సాధన చేస్తే, అసలు రోగి ఎదుట జరగకూడని తప్పులు ముందే బయటపడతాయి.

గర్భస్రావ చట్టానికి 2021లో జరిగిన సవరణపైనా విద్యార్థులకు అవగాహన ఉండాలి. కొన్ని వర్గాల మహిళలకు గర్భస్రావ పరిమితిని 24 వారాలకు పెంచారు. మెడికల్ బోర్డు నిర్ధారించిన తీవ్రమైన గర్భస్థ శిశు లోపాల విషయంలో ఆ పరిమితి వర్తించదు. ఈ వివరాలను చెప్పడం వేరు, ఫలానా నిర్ణయం తీసుకోమని ఒత్తిడి చేయడం వేరు. ‘‘మీరైతే ఏం చేస్తారమ్మా?’’ అని కుటుంబం అడిగినప్పుడు తప్పించుకోకుండా, తీర్పు చెప్పకుండా ఎలా బదులివ్వాలన్నది పర్యవేక్షకులు స్వయంగా చేసి చూపవలసిన పాఠం.

దేశ అవసరం ఎంత?

సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం దాని ప్రణాళిక. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. పరీక్షలో వాహకులని తేలిన ప్రతి యువతికీ, యువకునికీ అది జబ్బు కాదని, పెళ్లి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమని వారి భాషలో చెప్పేవారు కావాలి. లేకపోతే చేతిలోని ఫలిత పత్రమే వివక్షకు కారణమవుతుంది.

2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాలలో హైదరాబాద్‌లోని నిమ్స్, సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన బేగంపేటలోని జన్యు వ్యాధుల ఆసుపత్రి దశాబ్దాలుగా కుటుంబాలకు సేవలందిస్తోంది. దేశంలో జన్యు సలహాదారులకు బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్ ఇండియా అనే వృత్తి సంస్థ ధ్రువీకరణ ఇస్తోంది. ఇటువంటి చోట్ల పనిచేసే అనుభవజ్ఞుల సమయానికి రోగుల తాకిడి ఎక్కువ. ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుంటే ప్రతి సంభాషణకూ అదనపు సమయం పడుతుంది. బోధనకు కేటాయించిన సమయాన్ని పనిగంటలలో భాగంగా గుర్తించని సంస్థలలో, కొత్త పర్యవేక్షకులు ముందుకు రావడం కష్టం.

పర్యవేక్షకులు కావాలనుకునే సలహాదారులు చిన్నగానే ప్రారంభించవచ్చు. అనుభవమున్న పర్యవేక్షకులతో కలిసి ఒక విద్యార్థికి కొద్ది వారాలు నేర్పడం, సమీక్షలో తాము చెప్పిన మాటలను సహచరులతో చర్చించడం, ‘‘నా బోధనలో ఏది ఉపయోగపడింది, ఏది పడలేదు?’’ అని విద్యార్థినే అడగడం తొలి మెట్లు. తలసీమియా బిడ్డ తల్లి ‘‘అయితే ఈసారి కూడా రావచ్చన్నమాట, ముందే పరీక్ష చేయించుకోవాలి’’ అని తన మాటల్లో చెప్పి గది దాటిన రోజున, ఆ వివరణ విద్యార్థిని నోటి నుంచే వచ్చి ఉంటే, పక్కన కూర్చున్నవారి పని నెరవేరినట్టే.